అగ్గువ

మూడు కొటేషన్లు వచ్చాయి.
మూడూ ఒకే బాయిలర్ గురించే,
చదివితే మాత్రం
మూడు వేర్వేరు బళ్ల గురించి రాసినట్టున్నాయి.

డులూత్‌లో అక్టోబరు.
సరస్సు మీంచి వచ్చే గాలి
నా కిటికీ రబ్బరు అంచులో ఈల నేర్చుకుంటోంది.
జిల్లా విద్యా కార్యాలయం, రెండో అంతస్తు,
కొనుగోళ్ల విభాగం. అంటే నేనూ, ఒక ప్రింటరూ,
వీపు విరిగిన నీలిరంగు నిబంధనల ఫైలూ.

అందరికన్నా తక్కువ చెప్పినవాడికి ఇవ్వు, అంటుంది ఫైలు.
నలభై ఒకటో పేజీలో, చిన్న అక్షరాల్లో,
'వాడు బాధ్యత గలవాడైతే' అని గొణుగుతుంది.
ఆ గొణుగుడు మీదే నా ఉద్యోగం
కొంగలా ఒంటికాలి మీద నిలబడి ఉంది.

అగ్గువ. హన్మకొండ సంతలో వినీ వినీ
చెవిలో గూడు కట్టుకున్న మాట.
అగ్గువకు దొరికిందని మురిసి తెచ్చుకున్న చెంబుకి
ఏడాది తిరక్కుండా అడుగున మాటు పడేది.

పోయినేడు కుర్చీలు కొన్నాను. అగ్గువకే.
ఆరువందల నలభై.
ఒక్కోదానికి నాలుగు డాలర్లు మిగిల్చానని
బోర్డు మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు.
ఫిబ్రవరికల్లా కాళ్ల తొడుగులు ఊడిపోయి
నేలంతా గీతలు పడింది.
నేలకి పాలిష్ పట్టించిన బిల్లు మీద
నేనే సంతకం పెట్టాను, వేరే పద్దు కింద.
వేరే పద్దు కింద పోయిన డబ్బు
ఎవరికీ కనబడదు.
నాకు కనబడింది.

అందుకని ఈసారి కాగితాలు మూసేసి
టామరాక్ ఎలిమెంటరీ నేలమాళిగలోకి దిగాను.
ఆ గదికి ఇరవై తొమ్మిదేళ్లుగా
ఆర్వో లాహ్తినెన్ ఒక్కడే దిక్కు.
ఫ్లాస్కు మూతలో కాఫీ పోసిచ్చాడు.
బాయిలర్ గురించి నన్నెవరూ ఎప్పుడూ అడగలేదే, అన్నాడు.
గోడ చూపించాడు. గోడంతా సుద్ద.
ఏ రాత్రి ఎన్నిసార్లు ఆగిందో,
ఫోన్ చేస్తే ఎవరొచ్చారో,
ఎవరు సోమవారం దాకా రాలేదో.
అందరికన్నా తక్కువ చెప్పినవాడి పేరుకెదురుగా
సుద్ద విరిగేంత గట్టిగా చుట్టిన సున్నా.
మూడోవాడి పేరు చూసి,
"వీళ్ల విడిభాగాలు ఊళ్లోనే దొరుకుతాయి," అన్నాడు.
పైన, మా తలల మీద,
బూట్లు విప్పిన రెండో తరగతి
మేజోళ్లతో పరుగెడుతోంది.

మెట్ల దగ్గర ఆపాడు.
"ఆ మూడోవాళ్ల దగ్గర
మా అక్క కొడుకు పనిచేస్తాడు.
అదీ రాసుకో."

ఎంత మంచి సాక్షి.
ఎంత పనికిరాని సాక్షి.

రాత్రి ఎనిమిదిదాకా
మూడేళ్ల సర్వీసు రసీదులు తవ్వాను,
తారీఖు పక్కన తారీఖు పెట్టి.
గోడ అబద్ధమాడలేదు.
అయినా నోట్‌లో మొదటి వాక్యం
అక్క కొడుకు గురించే రాశాను.
రెండోది కుర్చీల గురించి, నా సంతకం గురించి.
బాయిలర్ మూడో వాక్యంలో మొదలైంది.

తేడా పదకొండువేల మూడు వందలు.
బోర్డులో ప్రూడెన్ గారు ఆ అంకె ఒక్కటే
గట్టిగా రెండుసార్లు చదువుతారు.
దాంతో ఎన్ని లైబ్రరీ పుస్తకాలొస్తాయని అడుగుతారు.
అడగాలి కూడా.
జనం పన్ను అది, అందులో నా ఇంటి పన్నూ ఉంది.
పుస్తకాలకి నా దగ్గర జవాబు లేదు.
జనవరిలో, సున్నాకి ఇరవై కింద,
బాయిలర్ చచ్చి బడి మూసిన ఒక్క రోజుంది:
ఆ పూట అన్నం బళ్లోనే తినాల్సిన
నూట పన్నెండు మంది ఏం తిన్నారో
ఏ రసీదులోనూ దొరకలేదు.

మంగళవారం మీటింగు.
ఇవాళ ఆర్వో ఫోన్ చేశాడు.
ఆడిట్ వాళ్లొస్తున్నారని
గోడకి రంగు వేసెయ్యమన్నారట.
ఆగమన్నాను.
సుద్దముక్కలు ఇంకో డబ్బా పంపుతున్నానన్నాను.
డాలరున్నర.
దానికి కొటేషన్లు అక్కర్లేదు.